డెంగీ ఔషధ పరీక్షలు – జంతునమూనాలు: కాలగణన సమస్య

వ్యాససంగ్రహం

డెంగీ వైరస్‌ను నేరుగా అణచివేసే ఆమోదిత ఔషధం నేటికీ లేదు. ప్రయోగశాలలో చిట్టెలుకల ప్రాణాలు నిలిపిన మందు మానవ పరీక్షలో నిష్ఫలమైన ఉదంతం ఈ రంగంలో ప్రసిద్ధం. ఇటువంటి వైఫల్యానికి 'చిట్టెలుక వేరు, మనిషి వేరు' అన్న సమాధానం పాక్షిక సత్యం మాత్రమే. చికిత్స ప్రారంభాన్ని ఏ క్షణం నుండి లెక్కించారు అన్నది అంతకంటె కీలకమైన ప్రశ్న. డెంగీ జంతునమూనాల పరిణామాన్ని, ఔషధ పరీక్ష జరిగే తీరును, సెల్గోసివిర్ మొదలైన ఔషధాల అనుభవాన్ని పరిశీలించి, జంతుప్రయోగ ఫలితాలను అన్వయించుకోవడంలో కాలగణనకు ఉన్న ప్రాధాన్యాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: డెంగీ, జంతునమూనా, చిట్టెలుక, ఇంటర్‌ఫెరాన్, వైరీమియా, సెల్గోసివిర్, దూసరితీగ, ప్రయోగనైతికత.

1. ఉపోద్ఘాతం

ఈడిస్ జాతి దోమల ద్వారా వ్యాపించే డెంగీ ఉష్ణమండల దేశాలన్నింటా ప్రజారోగ్య సమస్యగా స్థిరపడింది. 2013లో 'నేచర్' పత్రికలో వెలువడిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 39 కోట్ల మందికి ఈ వైరస్ సోకుతుంది. వారిలో సుమారు 9.6 కోట్ల మందిలో మాత్రమే వ్యాధిలక్షణాలు బయటపడతాయి. తెలుగు రాష్ట్రాలలో వానలు మొదలైనది లగాయతు చలికాలం వచ్చేవరకు డెంగీ భయం ప్రతి ఇంటినీ వెన్నాడుతుంది. ఇంత విస్తృతమైన వ్యాధికి వైద్యులు చేయగలిగినది జ్వరాన్ని తగ్గించడం, శరీరంలో ద్రవాల సమతుల్యతను కాపాడడం, ప్రమాద సూచనలను కనిపెట్టి ఉండడం. సకాలంలో జరిగే ఈ ఉపచారమే ఎందరి ప్రాణాలనో కాపాడుతున్నది. అయితే వైరస్‌పై నేరుగా పనిచేసే మందు మాత్రం వైద్యుని చేతిలో లేదు.

అటువంటి మందుకోసం ప్రయత్నాలు జరగలేదని కాదు. కణవర్ధనాలలో వైరస్‌ను నిరోధించిన పదార్థాలు అనేకం. వాటిలో కొన్ని చిట్టెలుకలను మరణం నుండి తప్పించాయి. ఆ కొన్నింటిలో మానవ పరీక్షల దాకా వచ్చినవి బహుస్వల్పం. ఈ మెట్ల మధ్య జారిపోయినది ఏమిటో తెలుసుకోవాలంటే ముందుగా వ్యాధి గమనాన్ని, ఆపైన దానిని అనుకరించే జంతువును అర్థం చేసుకోవాలి.

2. డెంగీ వైరస్ – వ్యాధి గమనం

డెంగీ వైరస్ ఆర్థోఫ్లావివైరస్ (పూర్వపు పేరు ఫ్లావివైరస్) ప్రజాతికి చెందినది. దీని జన్యుపదార్థం సుమారు 10,700 న్యూక్లియోటైడ్ల పొడవుగల ఒంటిపోగు ఆర్.ఎన్.ఎ. దాని నుండి మూడు నిర్మాణ ప్రోటీన్లు, ఏడు నిర్మాణేతర ప్రోటీన్లు తయారవుతాయి. నిర్మాణేతర ప్రోటీన్లను ఎన్‌ఎస్1 నుండి ఎన్‌ఎస్5 వరకు పేర్లతో గుర్తిస్తారు. వీటిలో ఎన్‌ఎస్3 ప్రోటీన్లను ముక్కలుచేసే ఎంజైముగాను, ఎన్‌ఎస్5 వైరస్ జన్యుపదార్థానికి నకళ్లు తీసే పాలిమరేజ్‌గాను పనిచేస్తాయి. ఔషధ అన్వేషకుల దృష్టి ప్రధానంగా వీటిపైనే నిలిచింది. వైరస్‌లో నాలుగు సీరోటైపులు ఉన్నాయి. ఒక సీరోటైపు సోకి తగ్గిన వ్యక్తికి మరొకటి సోకినప్పుడు, పాత ప్రతిరక్షకాలు కొత్త వైరస్‌ను నిర్మూలించలేక, అది కణాలలోకి ప్రవేశించడానికి తోడ్పడే అవకాశం ఉంది. రెండవసారి సోకినప్పుడు వ్యాధి తీవ్రమయ్యే ప్రమాదం హెచ్చడానికి ఇదొక ప్రధాన కారణం.

దోమ కుట్టిన తరువాత సాధారణంగా 4 నుండి 10 రోజులకు జ్వరం వస్తుంది. వైరస్ మాత్రం అంతకు ఒకటి రెండు రోజుల ముందే రక్తంలో కనిపిస్తుంది. రక్తంలో వైరస్ సంచరించే ఈ స్థితిని వైరీమియా అంటారు. జ్వరదశ 2 నుండి 7 రోజులు ఉంటుంది. జ్వరం తగ్గే వేళకు, అంటే సాధారణంగా 3 నుండి 7 రోజుల నడుమ, కొందరిలో రక్తనాళాల నుండి ప్లాస్మా బయటికి స్రవించే సంకటదశ మొదలవుతుంది. గమనించవలసిన విశేషం ఏమిటంటే, రోగికి ప్రాణాపాయం ఏర్పడే ఈ దశకు వచ్చేసరికి రక్తంలో వైరస్ స్థాయి అప్పటికే పడిపోతూ ఉంటుంది. వైరస్ విజృంభణ ముందు, శరీరంలో కల్లోలం తరువాత. ఔషధానికి దొరికే వ్యవధి చాలా ఇరుకైనది.

3. చిట్టెలుకకు డెంగీ రాకపోవడానికి కారణం

ఔషధ పరీక్షలలో అత్యధికంగా వాడే జంతువు చిట్టెలుక. అయితే సాధారణ చిట్టెలుకలో మానవ డెంగీ వైరస్ నిలదొక్కుకోలేదు. దీనికి మూలం ఇంటర్‌ఫెరాన్ వ్యవస్థలో ఉంది. కణంలోకి వైరస్ చొరబడగానే వెలువడే ఇంటర్‌ఫెరాన్, చుట్టుపక్కల కణాలకు హెచ్చరిక అందిస్తుంది. ఆ హెచ్చరికను కణకేంద్రకానికి చేరవేసే వాహకాలలో స్టాట్2 అనే ప్రోటీన్ ఒకటి. డెంగీ వైరస్ ఎన్‌ఎస్5 మనిషి స్టాట్2ను పట్టి నాశనం చేస్తుంది. చిట్టెలుక స్టాట్2ను మాత్రం అది నాశనం చేయలేదని 2010లో ప్రచురితమైన పరిశోధన నిరూపించింది. స్టింగ్ అనే మరొక రక్షక ప్రోటీన్ విషయంలోనూ ఇదే వ్యత్యాసం 2012లో వెల్లడైంది. వైరస్ ప్రోటియేజ్ మనిషి స్టింగ్‌ను ఛేదించగలదు, చిట్టెలుక స్టింగ్‌ను ఛేదించలేదు.

అంటే మనిషి శరీరపు తాళాలు తెరవడానికి వైరస్ దగ్గర చెవులున్నాయి. చిట్టెలుక తాళాలకు అవి పట్టవు. అందుచేత చిట్టెలుకలో డెంగీని పరిశీలించదలచిన శాస్త్రజ్ఞులు వైరస్‌ను మార్చడమో, చిట్టెలుకను మార్చడమో చేయవలసివచ్చింది.

4. జంతునమూనాల పరిణామం

4.1 పాలుతాగే పిల్లల మెదడు: రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జపానులో కిమురా, హొట్టా, అమెరికాలో సేబిన్, ష్లెసింజర్ డెంగీ వైరస్‌ను చిట్టెలుకల మెదడులోకి ఎక్కించి, ఒకదాని నుండి మరొకదానికి మార్చుతూ వర్ధనం చేయగలిగారు. ఈ పద్ధతి వైరస్‌ను పట్టి ఉంచడానికి, బలహీనపరచడానికి ఎంతో ఉపకరించింది. ఔషధ పరీక్షకు మాత్రం దీని విలువ పరిమితం. మనిషిలో డెంగీ ప్రధానంగా రక్తాన్ని, రోగనిరోధక కణాలను, కాలేయాన్ని ఆశ్రయించే వ్యాధి. ఇక్కడ పరీక్షిస్తున్నది మెదడువాపును.

4.2 ఏజీ129 చిట్టెలుక: ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా, బీటా, గామాల గ్రాహకాలు జన్యుపరంగా లోపించిన చిట్టెలుక వంశానికి ఏజీ129 అని పేరు. డెంగీ టీకాల పరీక్షకు ఇది పనికివస్తుందని జాన్సన్, రోరిగ్ 1999లో చూపారు. 2007లో సింగపూర్‌లోని నొవార్టిస్ ఉష్ణమండల వ్యాధుల సంస్థకు చెందిన పరిశోధకులు దీనిని వైరీమియా నమూనాగా తీర్చిదిద్దారు. ఈ నమూనాలో వైరస్ స్థాయి మూడవ రోజున శిఖరాన్ని అందుకుంటుంది. మందు ఇచ్చిన గుంపులోను, ఇవ్వని గుంపులోను ఆ రోజు రక్తాన్ని పోల్చి ఔషధ ప్రభావాన్ని అంచనా కట్టవచ్చు. అటు తరువాత డెంగీ ఔషధాల పరీక్షకు ఇదే ప్రధాన వేదికగా మారింది.

4.3 తీవ్రవ్యాధి నమూనాలు: చిట్టెలుకలలోను దోమ కణాలలోను వంతులవారీగా పెంచిన డి2ఎస్10 అనే వైరస్ రకంతో రక్తనాళాల స్రావాన్ని చూపగల నమూనా 2006లో వెలువడింది. ముందుగా ప్రతిరక్షకాలు ఎక్కించి, ఆపై వైరస్ ఇచ్చి, రెండవసారి సోకిన డెంగీ తీవ్రతను అనుకరించే నమూనాలు 2010లో వచ్చాయి.

4.4 మానవ కణాలు ధరించిన చిట్టెలుక: మానవ రక్తమూలకణాలను అమర్చిన చిట్టెలుకలలో జ్వరం, దద్దుర్లు, ప్లేట్‌లెట్ల తగ్గుదల కనిపించాయని 2005లో ప్రచురితమైంది. మనిషి వ్యాధికి ఇది మరింత చేరువ. కాని వీటి తయారీ కష్టం, ఖర్చు అధికం, ఒక జంతువుకూ మరొకదానికీ తేడాలు ఎక్కువ.

4.5 కోతులు: రీసస్ కోతికి ఇంటర్‌ఫెరాన్ వ్యవస్థ పూర్తిగా ఉంటుంది. వైరస్ దాని రక్తంలో పెరుగుతుంది. కాని సాధారణంగా వ్యాధిలక్షణాలు కనిపించవు. కాబట్టి వైరస్‌ను మందు తగ్గిస్తుందా అన్న ప్రశ్నకు కోతి జవాబు చెప్పగలదు. రోగి త్వరగా కోలుకుంటాడా అన్న ప్రశ్నకు చెప్పలేదు.

ఈ నమూనాలలో ఏ ఒక్కటీ సంపూర్ణ డెంగీ కాదు. ఏజీ129లో ఇంటర్‌ఫెరాన్ స్పందనే లేదు గనుక, ఆ మార్గం ద్వారా పనిచేసే మందును అందులో పరీక్షించడం అర్థంలేని పని. ప్రతి నమూనా వ్యాధిలోని ఒక పార్శ్వాన్ని మాత్రమే చూపుతుంది. ఏ పార్శ్వాన్ని చూడదలచారో ముందుగా నిర్ణయించుకోవడం పరిశోధకుని బాధ్యత.

5. ఔషధ పరీక్ష జరిగే తీరు

కణవర్ధనంలో వైరస్‌ను సగానికి తగ్గించే గాఢతను, కణాలకు హాని కలిగించే గాఢతను కొలిచి, రెండింటి నడుమ తగినంత దూరమున్న పదార్థాన్నే జంతుపరీక్షకు ఎంపిక చేస్తారు. ఆపై ఆరోగ్యవంతమైన జంతువులకు ఇచ్చి, మందు రక్తంలో ఎంతమేరకు చేరుతున్నదో, ఎంతసేపు నిలుస్తున్నదో చూస్తారు. తరువాతనే వైరస్ సోకించిన జంతువులకు ఇస్తారు. ఫలితాన్ని పలువిధాలుగా కొలవవచ్చు. కణాల పొరపై వైరస్ చేసిన రంధ్రాలను లెక్కించడం, ఆర్.టి.పి.సి.ఆర్. ద్వారా వైరస్ ఆర్.ఎన్.ఎ.ను కొలవడం, ఎన్‌ఎస్1 ప్రోటీన్ స్థాయిని చూడడం, శరీరపు బరువును, మనుగడను నమోదుచేయడం వాటిలో ముఖ్యమైనవి.

ఇక్కడ రెండు సాంకేతిక విషయాలు గమనార్హం. మొదటిది మోతాదు. చిట్టెలుకకు కిలోకు 50 మిల్లీగ్రాముల మోతాదు అంటే, 20 గ్రాముల జంతువుకు 1 మిల్లీగ్రాము. దానిని బరువు ప్రకారమే పెంచితే 60 కిలోల మనిషికి 3,000 మిల్లీగ్రాములు అవుతుంది. కాని చిన్న జంతువులో జీవక్రియ వేగం ఎక్కువ. శరీర ఉపరితల వైశాల్యం ఆధారంగా చేసే వాడుక లెక్కలో చిట్టెలుక మోతాదును 12.3తో భాగిస్తారు. ఆ ప్రకారం కిలోకు సుమారు 4 మిల్లీగ్రాములు, 60 కిలోల మనిషికి సుమారు 244 మిల్లీగ్రాములు వస్తుంది. ఇది తొలి అంచనా మాత్రమే. ఒక మోతాదుకూ మరొకదానికీ నడుమ రక్తంలో మందు ఏ స్థాయికి పడిపోతుందో ఈ భాగహారం చెప్పదు.

రెండవది రక్తం. చిట్టెలుక శరీరంలో ఉండే మొత్తం రక్తం సుమారు ఒకటిన్నర మిల్లీలీటర్లు. ఒకే జంతువు నుండి ప్రతిరోజూ తగినంత రక్తం తీసి వైరస్ గమనాన్ని చూడడం దుస్సాధ్యం. అందువల్ల ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క గుంపును కేటాయించవలసివస్తుంది. ఎన్ని రోజులను పరిశీలించదలిస్తే అన్ని గుంపులు కావాలి. ఆ సంఖ్యను తగ్గించడానికి ఒక్క శిఖరదినాన మాత్రమే కొలిచి ఊరుకునే ప్రయోగాలు వెలువడతాయి. సౌకర్యం కోసం చేసిన ఈ ఎంపిక కాలగణన సమస్యను మరుగున పడవేస్తుంది.

6. సెల్గోసివిర్: రెండు గడియారాలు

ఆస్ట్రేలియాకు చెందిన కాస్టనోస్పెర్మమ్ ఆస్ట్రేల్ అనే వృక్షం గింజలలో కాస్టనోస్పెర్మిన్ అనే పదార్థం ఉంది. శరీరంలో ఆ పదార్థంగా మారేలా రూపొందించిన ఔషధం సెల్గోసివిర్. ఇది వైరస్‌పై కాక, కణంలోని ఆల్ఫా గ్లూకోసిడేజ్ అనే ఎంజైముపై పనిచేస్తుంది. ఆ ఎంజైము స్తంభిస్తే వైరస్ ప్రోటీన్లు సరైన ఆకృతిలో ముడుచుకోలేవు. కణపు ఎంజైమును ఆధారం చేసుకున్నందున నాలుగు సీరోటైపులపైనా పనిచేస్తుందని, వైరస్ తప్పించుకోవడం కష్టమని ఆశలు రేకెత్తాయి. అంతకు పూర్వమే హెపటైటిస్ సి రోగులకు ఇచ్చి చూసిన మందు కావడంతో మానవులలో భద్రతా సమాచారం కొంత సిద్ధంగా ఉంది.

2012లో ప్రచురితమైన ప్రయోగంలో ప్రాణాంతక డెంగీ సోకిన ఏజీ129 చిట్టెలుకలకు కిలోకు 50 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు ఈ మందు ఇచ్చారు. జంతువులన్నీ బతికాయి. రోజుకు ఒక్కసారి 100 మిల్లీగ్రాములు ఇవ్వడం కంటె, దానిని రెండుగా విడగొట్టి ఇవ్వడం మేలని కూడా తేలింది. అంతకంటె ఆకర్షణీయమైన ఫలితం మరొకటి ఉంది. వైరస్ సోకిన 48 గంటల తరువాత మందు మొదలుపెట్టినా చిట్టెలుకలు బతికాయి. ఆలస్యంగా వచ్చే రోగికి సైతం మందు పనిచేస్తుందన్న ఆశకు ఈ ఫలితం ఊతమిచ్చింది.

అదే ఏడాది సింగపూర్‌లో మానవ పరీక్ష మొదలైంది. జ్వరం వచ్చి 48 గంటలు దాటని 50 మంది డెంగీ రోగులను చేర్చుకొని, 24 మందికి సెల్గోసివిర్, 26 మందికి ప్లాసిబో ఇచ్చారు. మొదట 400 మిల్లీగ్రాములు, ఆపై 12 గంటలకొకసారి 200 మిల్లీగ్రాములు. ఫలితాలు 2014లో వెలువడ్డాయి. మందు సురక్షితమే. కాని వైరస్ స్థాయిలోగాని, జ్వరభారంలోగాని గణాంకపరంగా చెప్పుకోదగిన తేడా రాలేదు. వైరస్ స్థాయిని పదింతల మెట్లలో కొలిస్తే, మందు పుచ్చుకున్నవారిలో సగటు తగ్గుదల 1.86 మెట్లు, ప్లాసిబో పుచ్చుకున్నవారిలో 1.64 మెట్లు.

ఈ రెండవ సంఖ్యలోనే అసలు విషయం దాగి ఉంది. మందు లేనివారిలో సైతం వైరస్ ఒకటిన్నర మెట్లకు మించి తగ్గింది. అంటే రోగులు పరీక్షలో చేరేనాటికే వారి శరీరాలు వైరస్‌ను తరిమివేసే పనిలో ఉన్నాయి. దానంతటదే దిగిపోతున్న వరదకు అడ్డుకట్ట వేస్తే, ఆ కట్ట ఎంత పనిచేసిందో తేల్చడం కష్టం.

ఇక రెండు పరీక్షలలోనూ కనిపించే '48 గంటలు' అన్న అంకెను పరిశీలించాలి. చిట్టెలుక ప్రయోగంలో ఆ 48 గంటలు వైరస్ శరీరంలో ప్రవేశించిన క్షణం నుండి లెక్కించినవి. ఆ సమయానికి వైరస్ ఇంకా పెరుగుతున్నది, శిఖరం రావలసే ఉంది. మానవ పరీక్షలో ఆ 48 గంటలు జ్వరం మొదలైన క్షణం నుండి లెక్కించినవి. దోమ కుట్టి అప్పటికి ఎన్నో రోజులు గడిచాయి, శిఖరం వచ్చిందో దాటిందో చెప్పలేని స్థితి. అంకె ఒక్కటే, గడియారాలు రెండు. మొదటి గడియారం ప్రకారం జరిగినది దాదాపు నివారణ. రెండవ గడియారం ప్రకారం జరిగినది చికిత్స.

ఈ పరిణామం తరువాత అదే పరిశోధక బృందం తిరిగి చిట్టెలుకల దగ్గరకు వెళ్లింది. చికిత్స ఏ దశలో మొదలైతే ప్రయోజనం ఉంటుంది, రోజుకు ఎన్నిసార్లు ఇవ్వాలి అన్న ప్రశ్నలనే కేంద్రంగా చేసుకొని, డెంగీ-1, డెంగీ-2 రెండింటిపైనా జరిపిన ప్రయోగాల ఫలితాలను 2016లో ప్రచురించింది. మానవ పరీక్షకు ముందే అడగవలసిన ప్రశ్న, తరువాత అడగవలసివచ్చింది. జంతునమూనా అబద్ధం చెప్పలేదు. తనను అడిగిన ప్రశ్నకు సరిగానే జవాబిచ్చింది.

7. మరికొన్ని ఔషధాలు నేర్పిన పాఠాలు

కాలగణన ఒక్కటే సమస్య కాదని మరికొన్ని ఔషధాల అనుభవం తెలుపుతుంది. హెపటైటిస్ సి కోసం రూపొందిన బాలపిరవిర్‌ను వియత్నాంలో 64 మంది డెంగీ రోగులలో పరీక్షించారు. 2013లో వెలువడిన ఫలితాలలో ప్రయోజనం కనిపించలేదు. ఈ మందు కణంలోకి చేరాక రసాయనిక మార్పు చెంది క్రియాశీలం కావాలి. డెంగీ సోకి ఉద్రిక్తమైన రక్తకణాలలో ఆ మార్పు సరిగా జరగడంలేదని తరువాతి పరిశోధన తేల్చింది. మందును వైరస్ సోకకముందే కణాలకు ఇచ్చి చూడడానికీ, సోకిన తరువాత ఇచ్చి చూడడానికీ తేడా ఉంటుందన్నది ఇందులోని పాఠం. కణవర్ధనంలోనూ గడియారం ఒకటుందని దీనివలన స్పష్టమవుతున్నది.

ఎన్‌ఐటిడి008 అనే అడినోసిన్ తరహా పదార్థం కథ వేరు. 2009లో ప్రచురితమైన ప్రయోగాలలో అది ఏజీ129 చిట్టెలుకలను చక్కగా కాపాడింది. అయితే ఎలుకలకు, కుక్కలకు రెండు వారాలపాటు ప్రతిరోజూ ఇచ్చినప్పుడు హాని కలిగించని మోతాదు అంటూ ఏదీ దొరకలేదు. దానితో మానవ పరీక్షకు వెళ్లకుండానే ఆగిపోయింది. విషప్రభావ పరీక్షలో ఒక చిన్న జంతుజాతితో తృప్తిపడక, రెండవ జాతిని కూడా చేర్చాలన్న నియమం ఎందుకున్నదో ఈ ఉదాహరణ చెబుతుంది. సెల్గోసివిర్ విషయంలో జంతునమూనా ఆశను పెంచితే, ఇక్కడ జంతుపరీక్షే మనుషులను ప్రమాదం నుండి తప్పించింది.

మూడవ ఉదాహరణ తెలుగు నేలకు సుపరిచితమైన మొక్కకు సంబంధించినది. కంచెల మీద, తుప్పల మీద అల్లుకొనే దూసరితీగ నుండి తీసిన శుద్ధసారాన్ని డెంగీకి ఔషధంగా మలచేందుకు ఢిల్లీలోని అంతర్జాతీయ జన్యు ఇంజనీరింగ్, బయోటెక్నాలజీ కేంద్రం, సన్ ఫార్మా కలసి కృషిచేశాయి. ఏజీ129 చిట్టెలుకలలో ఇది రక్షణ కల్పించిందని 2021లో ప్రచురించారు. దేశీయ మూలిక కావడం వలన దీనిపై సహజంగానే ఆదరం కలుగుతుంది. కాని సెల్గోసివిర్‌ను అడిగిన ప్రశ్ననే దీనినీ అడగాలి. జంతువులో ఏ దశలో మొదలైన చికిత్స రక్షణ కల్పించింది? జ్వరంతో వచ్చిన రోగికి అది ఏ రోజుతో సమానం? మూలం చెట్టా, రసాయనశాలా అన్నదానితో నిమిత్తం లేకుండా ఈ ప్రశ్న వర్తిస్తుంది. ప్లేట్‌లెట్ల సంఖ్య పెరుగుతుందన్న నమ్మకంతో వాడే బొప్పాయి ఆకు రసం విషయంలోనూ ఇదే వివేచన అవసరం. జ్వరం తగ్గిన తరువాత ప్లేట్‌లెట్లు చాలామందిలో వాటంతటవే పెరుగుతాయి. పోల్చడానికి మందు లేని గుంపు లేకపోతే, కాలం చేసిన పనిని మందుకు ఆపాదించే పొరపాటు జరుగుతుంది.

8. శిఖరదశలో చికిత్స: కొత్త ప్రయత్నాలు

బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం, యాన్సెన్ సంస్థ కలసి జరిపిన అన్వేషణ ఫలితంగా జెఎన్‌జె-ఎ07 అనే పదార్థం వెలుగులోకి వచ్చింది. ఎన్‌ఎస్3, ఎన్‌ఎస్4బి అనే రెండు వైరస్ ప్రోటీన్ల కలయికను అది అడ్డుకుంటుంది. 21 రకాల వైరస్ నమూనాలపై అత్యల్ప గాఢతలో పనిచేసింది. 2021లో 'నేచర్' పత్రికలో వెలువడిన ఈ పరిశోధనలో ప్రత్యేకంగా గుర్తించవలసిన అంశం, చికిత్సను వైరీమియా శిఖరాన్ని చేరేవరకు ఆపి, అప్పుడు మొదలుపెట్టి చూడడం. అలా ఆలస్యంచేసినా వైరస్ స్థాయి త్వరగా, చెప్పుకోదగినంతగా తగ్గింది. జ్వరంతో ఆస్పత్రికి వచ్చిన రోగి స్థితికి చిట్టెలుక గడియారాన్ని సరిచేసిన ప్రయోగమిది.

దీనికి సోదర పదార్థమైన జెఎన్‌జె-1802 చిట్టెలుకలలో నాలుగు సీరోటైపులపైన, కోతులలో డెంగీ-1, డెంగీ-2లపైన పనిచేసిందని 2023లో ప్రచురితమైంది. అటుపై అమెరికాలో ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకులకు ఈ మందునిచ్చి, బలహీనపరచిన డెంగీ-3 వైరస్‌ను ఎక్కించి చూశారు. అధిక మోతాదు పుచ్చుకున్న 10 మందిలో 6 మంది రక్తంలో వైరస్ జాడ కనిపించలేదు. అయితే వైరస్ ఎక్కించడానికి 5 రోజుల ముందునుండే మందు మొదలైంది. అందువల్ల ఇది నివారణకు నిదర్శనం. చికిత్సకు కాదు. డెంగీ నివారణ లక్ష్యంగా వివిధ దేశాలలో తలపెట్టిన క్షేత్రపరీక్షను సంస్థ 2024 అక్టోబరులో నిలిపివేసింది. భద్రతా కారణాలు కాక, పరిశోధన ప్రాధాన్యాల మార్పు ఇందుకు హేతువని ప్రకటించింది. విజ్ఞానశాస్త్రం దారి చూపినా, ఆ దారిన నడిపించే ఆర్థికబలం వేరొకచోట నిర్ణయమవుతుందన్నది ఇందులోని చేదునిజం.

9. నైతికత – నియంత్రణ

జంతుప్రయోగాలలో నైతికతకు ఆధారమైన మూడు సూత్రాలను రస్సెల్, బర్చ్ 1959లో ప్రతిపాదించారు. వీలున్నచోట జంతువుకు బదులు మరొక పద్ధతిని వాడడం, జంతువుల సంఖ్యను తగ్గించడం, బాధను తగ్గించేలా పద్ధతిని మెరుగుపరచడం ఆ మూడు. భారతదేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ, 1998 నాటి నియమాలు ఈ ప్రయోగాలను నియంత్రిస్తాయి. ప్రతి సంస్థలోనూ జంతునైతిక సంఘం ఆమోదం లేనిదే ప్రయోగం మొదలుపెట్టరాదు. హైదరాబాదు పరిసరాలలోని జీనోమ్ వ్యాలీలో భారత వైద్య పరిశోధన మండలి నెలకొల్పిన జాతీయ జంతువనరుల కేంద్రం ఈ రంగంలో తెలుగు నేలకున్న స్థానాన్ని సూచిస్తుంది. 2023లో సవరించిన ఔషధ పరీక్షల నియమాలు జంతువులకు బదులు కణాధారిత, కంప్యూటరు ఆధారిత పద్ధతుల సాక్ష్యాన్ని కూడా స్వీకరించే వీలు కల్పించాయి.

నైతిక సంఘాల చర్చ సాధారణంగా జంతువుల సంఖ్య, మత్తుమందు, బాధ ముదరకముందే ప్రాణం తీయవలసిన స్థాయి అన్న విషయాల చుట్టూ తిరుగుతుంది. ఇవన్నీ అవసరమే. అయితే చికిత్స ప్రారంభసమయం కూడా నైతిక ప్రశ్నే అన్న స్పృహ ఉండాలి. వైరస్‌తోపాటే మందునిచ్చి సాధించిన విజయం, రోగికి వర్తించని విజయమైతే, ఆ ప్రయోగంలో పోయిన ప్రాణాలకు సమర్థన ఏమిటి? దానిని నమ్మి పరీక్షలో చేరిన రోగులకు చెప్పగల సమాధానం ఏమిటి? శాస్త్రీయంగా బలహీనమైన ప్రశ్న, నైతికంగానూ బలహీనమైనదే.

10. ముగింపు

ఈ పరిశీలన వలన తేలిన అంశాలు ఇవి:

1. మానవ డెంగీ వైరస్ చిట్టెలుక ఇంటర్‌ఫెరాన్ వ్యవస్థను ఛేదించలేదు. అందువల్ల వాడుకలో ఉన్న నమూనాలన్నీ మార్పుచేసిన జంతువుపైనో, మార్పుచెందిన వైరస్‌పైనో ఆధారపడినవే. వాటి ఫలితాలను ఆ పరిమితులతోపాటే చదవాలి.

2. చిట్టెలుకలో కాలాన్ని వైరస్ సోకినది మొదలుగాను, మనిషిలో జ్వరం వచ్చినది మొదలుగాను లెక్కిస్తారు. సెల్గోసివిర్ ఉదంతంలో ఒకే '48 గంటలు' రెండు వేర్వేరు దశలను సూచించింది. రోజులను కాక, వైరీమియా శిఖరాన్ని ఉమ్మడి కొలమానంగా తీసుకోవడం సమంజసం.

3. శిఖరదశలోను, ఆ తరువాతను చికిత్స ప్రారంభించిన గుంపులు లేని జంతుప్రయోగాన్ని నివారణకు సాక్ష్యంగా స్వీకరించవచ్చు. చికిత్సకు సాక్ష్యంగా స్వీకరించరాదు. దేశీయ మూలికలకైనా, కృత్రిమ రసాయనాలకైనా ఇదే ప్రమాణం.

4. మోతాదు, ఇచ్చే వ్యవధి, సోకిన కణంలో మందు క్రియాశీలమయ్యే తీరు, రెండవ జంతుజాతిలో విషప్రభావం అన్నవి కాలగణనతోపాటు పరిశీలించవలసిన అంశాలు.

5. చికిత్స ప్రారంభసమయాన్ని జంతునైతిక సంఘాలు తమ పరిశీలనాంశాలలో చేర్చడం వలన జంతువులకు, రోగులకు కూడా మేలు జరుగుతుంది.

రాబోయే కాలంలో ఏ డెంగీ ఔషధం గురించి 'ఎలుకలలో విజయం' అన్న వార్త వెలువడినా, పాఠకుడు, పరిశోధకుడు ముందుగా వెదకవలసిన సమాచారం ఒక్కటే: ఆ చిట్టెలుకకు తొలి మోతాదు అందేనాటికి దాని రక్తంలో వైరస్ పెరుగుతున్నదా, తగ్గుతున్నదా అన్నది. మూడవనాటి జ్వరంతో ఆస్పత్రి మెట్లెక్కే రోగికి ఆ మందు అక్కరకు వస్తుందో రాదో తేల్చేది ఈ సమాచారమే.